ఎక్కడ అని అడక్కండి

హైదరాబాదు నుంచి వంశధర్ ఫోను.
"సార్, కత్తెరమూతి కనబడిందట గదా,
కరెక్టుగా ఎక్కడ?"

గవర్నరుపేటలో నాది గడియారాల కొట్టు.
ఒక కంటికి భూతద్దం బిగించి
రెండోది మూసుకుని బతికే పని.
ఆదివారం మాత్రం రెండు కళ్లూ తెరుస్తాను,
వన్‌టౌన్‌లో పాత సామాన్ల వాడి దగ్గర
బేరమాడి తెచ్చిన దుర్భిణీలోంచి.
ఎడమ గొట్టంలో బూజు.
పిట్టలకి ఆ సంగతి తెలీదు.

రాసుకో, అన్నాను.
ఉప్పలపాడు వెళ్లు, గుంటూరు నుంచి ఆటో దొరుకుతుంది.
మే నెల గదా, సగం గూళ్లు ఖాళీ.
ఎగరడానికి బద్ధకించే గూడబాతు పిల్లలు
తుమ్మకొమ్మల మీద ఇంకా అమ్మ సంచీ వెతుకుతుంటాయి.
తొలివాన పడ్డాక కొండపల్లి అడవికి రా.
రాలిన ఆకుల్లో పొన్నంకి పిట్ట గెంతుతుంది.
తొమ్మిది రంగులంటారు,
నాకెప్పుడూ ఏడే లెక్క తేలాయి.

"అవి కాదు సార్."

అవి కాదని నాకూ తెలుసు.

ఏప్రిల్ చివర్లో సైదా కొట్టుకొచ్చాడు,
వాళ్ల నాన్న హెచ్చెమ్టీ వాచీ పట్టుకుని.
ఇసుక ట్రాక్టరు తోలే చేతులు,
గోళ్ల సందున కృష్ణ.
అద్దం మీద నేనంటించిన బొమ్మ చూసి
"ఈ మూతి విరిగిన పిట్ట మా కాడుంది" అన్నాడు.
"విరగలా, దానికంతే.
కింది దవడ పొడుగు, పైది పొట్టి.
నీళ్ల మీద గీత గీసుకుంటా పోద్ది."

తెల్లారకముందే ట్రాక్టరెక్కించాడు.
బ్యారేజీ దిగువన
నదిలో నీళ్లు తప్ప అన్నీ ఉన్నాయి:
పుచ్చపాదులు, చక్రాల గాళ్లు,
ఎవరిదో ఒంటి చెప్పు,
దూరంగా సన్నటి పాయ, ఇంకా పోలేదు.
"అదుగో" అన్నాడు.
ఇసుక తప్ప నాకేం కనబడలేదు.
"కళ్లజోడు తుడుచుకోండి సార్."
అప్పుడు ఇసుకలో మూడు చోట్ల
ఇసుక కాస్త గుండ్రంగా ఉంది.

ఎనిమిదింటికే అరికాళ్లు చురుక్కుమన్నాయి.
తల్లి లేచింది.
పాయ దాకా పోయి, పొట్ట తడిపి,
వచ్చి గుడ్ల మీద కూర్చుంది.
మళ్లీ లేచింది. మళ్లీ తడి.
వాచీ చూశాను: ఆరు నిమిషాలు.
తర్వాత కూడా ఆరే.
నలభై ఏళ్లుగా ముళ్లు బిగిస్తున్నాను,
ఇంత నమ్మకమైన ముల్లు
నా బల్ల మీద ఒక్కటీ తిరగలేదు.

చుట్టూ ట్రాక్టరు జాడలు,
ఆ చోటికి వచ్చేసరికి
అన్నీ ఒంపు తిరిగి పోతున్నాయి.
"మిగతా వాళ్లకి ఏం చెప్పావు?"
"ఊబుందని చెప్పా."
బీడీ ముట్టించబోయి మానేశాడు.
"ట్రిప్పుకి అర లీటరు డీజిలు ఎక్కువవుతంది,
మా ఓనరు తిడతన్నాడు.
తిట్టనీ. ఊబికి ఎవరేం చేస్తారు?"

వాచీ బాగుచేసి ఇచ్చాను.
డబ్బులు వద్దంటే ఊరుకోలేదు,
ఓ పుచ్చకాయ బల్ల మీద పెట్టి పోయాడు.
స్క్రూల మధ్య దాన్ని కోయడానికి
నానా తంటాలు పడ్డాను.

"సార్, ఉన్నారా లైన్లో?
కారుంది, కెమెరా ఉంది,
మేం ఓ పదిమందిమి,
దూరం నుంచే చూసి పోతాం."

మంచి కుర్రాడే.
పదిమందీ మంచివాళ్లే అయ్యుంటారు.
పదిమంది మంచివాళ్లు నిలబడితే
ఆరు నిమిషాలు అరగంటవుతుంది,
అరగంటలో గుడ్డు ఉడుకుతుంది.

"అక్కడికి దారి లేదు నాన్నా" అన్నాను.
"ఊబి."

జూలైలో గేట్లెత్తారు.
ఆ ఇసుక, ఆ జాడలు, ఆ ఒంపు
ఒక్క రాత్రిలో నీళ్ల కిందకి పోయాయి.
అప్పటికే రెండు పిల్లలు ఎగిరాయని సైదా అంటాడు.
నేను ఒక్కదాన్నే చూశాను.
ఆ లెక్క మేం తేల్చుకోలేదు.

నా నోటుబుక్కులో తేదీ ఉంది, టైముంది,
గుడ్లు మూడు అని ఉంది.
స్థలం అన్న గడిలో
సైదా చెప్పిన ఊరి పేరే రాశాను:
ఊబి.